తొలగించడమైనది

2024 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. సేవ్ చేసుకోని నంబరు. "అక్కా, గుర్తున్నానా?" అన్నాడు. గొంతు వినగానే గుర్తొచ్చాడు. గుర్తు రాకపోతే బాగుండేది అని కూడా అనిపించింది. రెండున్నరేళ్ళ కింద నా టీమ్‌లో ఉండేవాడు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేసిన కాగితాల్లో సగం నేను టైప్ చేసినవే.

"ఒక పని ఉందక్కా. కాదంటే ఏమీ అనుకోను. నా పాత రేటింగ్ మెయిల్ మీ దగ్గర ఉంటుందా? ఇంకోటి, జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసిస్తారా? లాయరు గారు అడుగుతున్నారు. జూన్ దాటితే కేసు చెల్లదంట. దానికి ముందు లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టి 45 రోజులు ఆగాలంట."

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏముంది అని అతను అడగలేదు. "సరే అక్కా, సంక్రాంతికి ఊరొస్తే అరకు రండి, కాఫీ పండు దించుతున్నాం" అని పెట్టేశాడు.

కంపెనీ పేరు రాయను, అతని పేరూ రాయను. జరిగింది మాత్రం రాస్తాను. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు, ఒక ఇన్సూరెన్స్ క్లయింటు, ఎప్పట్లాగే దగ్గరపడ్డ డెడ్‌లైను. టెస్టింగుకి నిజమైన మనుషుల డేటా వాడకూడదు. వాడక తప్పకపోతే పేర్లూ నంబర్లూ మార్చేసి వాడాలి. దీన్ని మేం డేటా మాస్కింగ్ అంటాం. మాస్కింగ్ స్క్రిప్టు రాయడానికి రెండు వారాలు పడుతుంది, మాకున్నది నాలుగు రోజులు. ఎవరో అసలు డేటాని ఉన్నదున్నట్టు టెస్ట్ సర్వర్ మీదకి దించేశారు. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బు, ఎంత క్లెయిమ్ చేశారు, అన్నీ. ఆ సర్వర్‌కి బయటి వెండర్ల దగ్గర కూడా లాగిన్లు ఉన్నాయి.

ఇది అతని కంట పడింది. ఎలా పడిందంటే, ఒక క్వెరీ పరీక్షిస్తుంటే అడ్రసులో హుకుంపేట మండలం అని కనిపించింది. వాళ్ళ పక్క మండలం. ఆ మనిషి పేరు, కిడ్నీ జబ్బు, కొడుకు ఫోన్ నంబరు. లేచొచ్చి నా డెస్కు దగ్గర నిలబడి, "అక్కా, ఈయన ఊరు నాకు తెలుసు" అన్నాడు. నేనేమన్నానో బాగా గుర్తుంది. "ఎథిక్స్ వాళ్ళకి మెయిల్ పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. చూసుకున్నాను కూడా, ఇంకో రకంగా.

2022 మార్చి 11, శుక్రవారం అతను మెయిల్ పెట్టాడు. ఎనిమిది లైన్లు. ఏ సర్వర్, ఏ టేబుల్, ఎప్పట్నుంచి, ఎవరెవరికి లాగిన్ ఉంది. ఒక్క విశేషణం లేదు. నెలాఖరులో క్లయింటు ఆడిట్. తర్వాతి వారం డెలివరీ హెడ్ నాకు ఫోన్ చేశాడు. మెయిల్ కాదు, చాట్ కాదు, ఫోన్. అరగంట వేరే సంగతులు మాట్లాడి చివర్లో, "ఆ అబ్బాయి సంగతి కొంచెం డాక్యుమెంట్ చెయ్యి" అన్నాడు. అంతే. ఏం చెయ్యాలో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు. నాకు రెండూ అర్థమయ్యాయి. ఏప్రిల్ మొదటికల్లా సర్వర్ మీద ఆ డేటా లేదు. అంటే అతను చెప్పింది నిజమే.

పిప్ అంటే ఏమిటో ఇది చదివేవాళ్ళలో సగంమందికి చెప్పక్కర్లేదు. మిగతా సగానికి: పనితీరు మెరుగుపరుచుకోడానికి కంపెనీ ఇచ్చే అరవై రోజుల గడువు. దాన్ని దాటి బతికి బట్టకట్టినవాళ్ళని నేను ఇద్దర్నే చూశాను. ఫారంలో ఒక గడి ఉంటుంది, లోపం ఎక్కడ అని. ఫిబ్రవరిలోనే నేను అతనికి మంచి రేటింగు ఇచ్చి ఉన్నాను. కోడ్ బాగాలేదు అంటే ఎవరూ నమ్మరు. చాలాసేపు ఆలోచించి "కమ్యూనికేషన్" అని రాశాను.

అతను డుంబ్రిగూడ దగ్గర ఒక గూడెంలో పుట్టి, గురుకులంలో చదువుకుని, వైజాగ్‌లో ఇంజనీరింగ్ చేశాడు. ఇంట్లో ఒక భాష, బళ్ళో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. క్లయింట్ కాల్స్‌లో జవాబు చెప్పే ముందు రెండు సెకన్లు ఆగేవాడు. ఆలోచించడానికి ఆగేవాడు. నేను "సంకోచిస్తాడు, స్పష్టత లేదు" అని రాశాను. హెచ్‌ఆర్ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఏజెన్సీ కుర్రాడు, రిజర్వేషన్‌లో వచ్చి ఉంటాడు, ఇంగ్లీషు వచ్చి ఉండదు. ఇదంతా వాళ్ళ బుర్రలో ముందే ఉంది, నేను అక్కడికి ఒక గీత గీసి చూపించానంతే. ఆ ప్రాజెక్టు మొత్తంలో నేను చదివిన అన్నిటికంటే స్పష్టమైన ఇంగ్లీషు అతని ఎనిమిది లైన్ల మెయిల్.

ఎనిమిది వారాలు, వారానికో నోటు. ఆరో వారంలో కాఫీ మెషిన్ దగ్గర, "రిజైన్ చేసెయ్, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా వస్తుంది" అని సలహా కూడా ఇచ్చాను. మంచి మాట చెప్తున్నాననే అనుకున్నాను. అతను రెండు సెకన్లు ఆగాడు. "నేను తప్పు చెయ్యలేదు కదక్కా, రాజీనామా నేనెందుకు రాయాలి" అన్నాడు. అలా రాయకపోవడం చట్టప్రకారం ఎంత పెద్ద విషయమో అప్పుడు మా ఇద్దరికీ తెలీదు. తనంతట తను రాజీనామా చేసినవాడు, నన్ను తీసేశారని కోర్టుకెళ్తే ముందు ఆ రాజీనామా తనది కాదని నిరూపించుకోవాలి. జూన్ 10న టెర్మినేషన్ లెటర్ ఇచ్చారు. మరుసటి ఏడాది నేనూ వేరే కంపెనీకి మారిపోయాను, దీనికీ దానికీ సంబంధం లేదు, జీతం కోసం.

సంక్రాంతికి నర్సీపట్నం వెళ్ళాను. మా ఊరు అదే. హైదరాబాదులో ఎవరైనా అడిగితే "వైజాగ్ దగ్గర" అనేస్తాను గానీ, నర్సీపట్నం కొండలకి గుమ్మం. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు కాన్పు కష్టమైనా, పాము కరిచినా, పైన కుదరదన్న కేసులు దిగేది మా ఊరి ఏరియా ఆస్పత్రికే. కనుమ నాడు కాకైనా కదలదని అమ్మ ఆపేసింది. ముక్కనుమ పొద్దున తమ్ముడు కారు తీశాడు. ఆస్పత్రి మీదుగా వెళ్తుంటే అమ్మ చెప్పే మాట గుర్తొచ్చింది. డాక్టర్ సుధాకర్ ప్రస్తావన వస్తే ఆవిడ పేరు కూడా అనదు, "ఆ మత్తు డాక్టరు" అంటుంది.

ఆ కథ తెలుగువాళ్ళందరికీ తెలుసు, వివరాలే మర్చిపోయి ఉంటారు. 2020 ఏప్రిల్ మొదటివారం. లాక్‌డౌన్ మొదలై రెండు వారాలు కాలేదు. నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు కె. సుధాకర్ రావు, మాకు ఎన్95 మాస్కులు లేవు, పీపీఈ కిట్లు లేవు, ఒకే మాస్కు రోజుల తరబడి వాడమంటున్నారు అని కెమెరాల ముందు అన్నాడు. మత్తు డాక్టరు ఈ మాట అనడంలో ఒక ప్రత్యేకత ఉంది. ఊపిరి ఆడని మనిషి గొంతులోకి గొట్టం దించేది అతనే. రోగి శ్వాసకి అతని ముఖమున్నంత దగ్గరగా ఇంకెవరి ముఖమూ ఉండదు. ఏప్రిల్ 8న సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో రోడ్డు మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టిన ఆయన వీడియో మనందరి ఫోన్లలోకీ వచ్చింది. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. మానసిక ఆస్పత్రిలో చేర్చారు. ఒక లేఖ ఆధారంగా హైకోర్టు తనంతట తాను కేసు తీసుకుని మే 22న సీబీఐ విచారణకి ఆదేశించింది. ఏడాది తిరక్కుండానే, 2021 మే 21 రాత్రి, ఆయన గుండెపోటుతో చనిపోయారు.

ఈ మొత్తంలో వెంటనే సస్పెండ్ అయిన రెండో మనిషి ఎవరో గుర్తుందా? లాఠీతో కొట్టిన కానిస్టేబులు. వీడియోలో కనబడ్డాడు కాబట్టి. నిచ్చెనలో అందరికంటే కింది మెట్టు మీద ఉన్నాడు కాబట్టి కూడా. మాస్కులు ఎందుకు లేవన్న ప్రశ్నకి నిచ్చెన ఎటువైపు వెళ్తుందో, అటు కెమెరా లేదు.

సర్వీసు చట్టం సస్పెన్షన్ని శిక్ష అనదు. విచారణ సవ్యంగా జరగడానికి ఉద్యోగిని కాసేపు పక్కన ఉంచడం అంటుంది. జీవనభృతి ఇస్తారు. ఉత్తర్వుల తెలుగు ఎలా ఉంటుందో ప్రభుత్వోద్యోగుల పిల్లలందరికీ తెలుసు: "సస్పెండ్ చేయడమైనది", "తొలగించడమైనది". ఈ "డమైనది" ఎక్కడ పుట్టిందో గాని, మాట్లాడే తెలుగులో ఎవరూ వాడరు. అన్నం వండడమైనది అని ఏ ఇంట్లోనూ అనం. ఆ వాక్యంలో పని ఉంటుంది, పని చేసినవాడు ఉండడు. నోటి తెలుగు కూడా తక్కువదేం కాదు. చిన్నప్పుడు గాజు గ్లాసు చేతిలోంచి జారితే "గ్లాసు పగిలిందమ్మా" అనేవాళ్ళం, "పగలగొట్టాను" అని ఎవరం అనలేదు. ఉద్యోగాల గురించీ అంతే. "వాడి ఉద్యోగం పోయిందట." గాలొచ్చి ఎగిరిపోయినట్టు. అతను వెళ్ళిపోయిన వారం మా టీమ్‌లో అందరం ఆ మాటే అన్నాం, నాతో సహా.

ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ రాత్రిళ్ళు తీర్పులు చదవడం మొదలుపెట్టాను. కథల మీదా నవలల మీదా అడపాదడపా వ్యాసాలు రాసే అలవాటు వల్ల తీర్పుల్ని కూడా అలాగే చదువుతాను: ఈ కథ ఎవరు చెప్తున్నారు, ఎవరికి ఎంత తెలుసు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2019 నవంబరు 27న ఇచ్చిన రాయల్ మెయిల్ వర్సెస్ ఝుటి తీర్పు దగ్గర ఆగిపోయాను. ఝుటి అనే ఉద్యోగి 2013లో చేరిన రెండు నెలలకే, కస్టమర్లకిచ్చే ప్రోత్సాహకాల్లో నిబంధనలు తప్పుతున్నారని పై మేనేజరుకి రాసింది. ఆయన ఒత్తిడి పెట్టి, నాదే పొరపాటు అని ఆవిడ చేతే ఇంకో మెయిల్ రాయించాడు. తర్వాత వారం వారం మీటింగులు, అందుకోలేని టార్గెట్లు. ఆవిడ అనారోగ్యం పాలైంది. ఉద్యోగంలో ఉంచాలా తీసెయ్యాలా తేల్చమని ఇంకో మేనేజరుకి ఫైలు అప్పగించారు. ఆ ఫైల్లో వెనక్కి తీసుకున్న మెయిల్ ఉంది, అసలు ఫిర్యాదు మెయిళ్ళు లేవు. ఈ రెండో మేనేజరు నిజాయితీగానే పనితీరు బాగాలేదని నమ్మి 2014లో తీసేసింది. మరి ఏ కారణంతో తీసేసినట్టు? నిర్ణయం తీసుకున్న మనిషి మనసులో ఉన్న కారణమే లెక్క, కంపెనీ తప్పు లేదు అంది కింది కోర్టు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పైనున్న మనిషి అసలు కారణం దాచి ఒక కల్పిత కారణం అల్లి, దాన్ని ఇంకొకరు అమాయకంగా అందుకుని తీసేస్తే, చట్టం ఆ కల్పన వెనక్కి తొంగిచూడాలి, దాచిన కారణమే అసలు కారణం అంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఊరటగా అనిపించిందని ఒప్పుకోవాలి. నేను ఆ రెండో మేనేజరునే కదా అనుకున్నాను. ఫైలు చూసి సంతకం పెట్టే మనిషి. ఇంకోసారి చదివాక ఆ ఊరట నిలవలేదు. రెండో మేనేజరు అసలు ఫిర్యాదు చూడలేదు. నేను చూశాను. అది పుట్టినప్పుడు నా డెస్కు పక్కనే ఉంది. వారం వారం నోట్లు రాసింది మొదటి మేనేజరు. నేనూ రాశాను. మా కథలో ఆ అమాయకపు మనిషి పాత్ర హెచ్‌ఆర్‌ది. నాది కాదు.

అదే దేశంలో ఇంకో కేసు ఉంది, ఒసిపోవ్. 2018లో అప్పీలు కోర్టు, ఫిర్యాదు చేసిన సీఈఓని తీసేయించిన ఇద్దరు డైరెక్టర్లు కంపెనీతో పాటు సొంతంగా కూడా నష్టపరిహారం కట్టాలంది. మొత్తం పదిహేడు లక్షల పౌండ్లకి పైనే. అక్కడి ఉద్యోగ హక్కుల చట్టంలో 2013లో చేర్చిన ఒక నిబంధన దానికి ఆధారం: నిజం బయటపెట్టిన మనిషిని తోటి ఉద్యోగి వేధిస్తే, ఆ తోటి ఉద్యోగికి కూడా బాధ్యత ఉంటుంది. నా జీతానికి పౌండ్లలో లెక్కేసుకుని ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇక మన దగ్గర. 2003 నవంబరులో గయలో సత్యేంద్ర దూబే హత్య జరిగింది. జాతీయ రహదారుల పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి రాసి, నా పేరు బయటపెట్టొద్దని కోరిన ఇంజనీరు. ఆ లేఖ పేరుతో సహా బల్ల నుంచి బల్లకి తిరిగింది. పదేళ్ళ తర్వాత, 2014 మేలో, విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం వచ్చింది. వచ్చింది అంటే రాష్ట్రపతి సంతకం అయింది. అమల్లోకి మాత్రం రాలేదు. వచ్చినా అది ప్రభుత్వోద్యోగుల అవినీతి గురించే, మా ఇన్సూరెన్స్ సర్వర్ గురించి కాదు. 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ లిస్టెడ్ కంపెనీలకీ ఇంకొన్నిటికీ ఒక ఫిర్యాదు ఏర్పాటు ఉండాలంటుంది, ఫిర్యాదు చేసినవాళ్ళకి వేధింపుల నుంచి రక్షణ ఉండాలంటుంది. సత్యం తర్వాత వచ్చిన తెలివి ఇదంతా. 2008 డిసెంబరులో సత్యం గుట్టు గురించి మారుపేరుతో ఒక మెయిల్ బోర్డు డైరెక్టరుకి వెళ్ళింది. మేం అప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడాది. జనవరి 7న రాజు గారి లేఖ బయటికొచ్చాక మా ప్లేస్‌మెంట్స్ ఏమవుతాయన్నదొక్కటే మా బెంగ. ఆ మారుపేరు మనిషి ఏమయ్యాడని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

అతని లాయరు పట్టుకున్నది వీటిలో ఏదీ కాదు, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. సాంకేతిక పని చేసేవాడు కూడా "వర్క్‌మన్" కిందకి వస్తాడు. 2022లో చెన్నై లేబర్ కోర్టు ఒక పెద్ద ఐటీ కంపెనీ ఉద్యోగిని ఏడేళ్ళ తర్వాత అలాగే పనిలోకి తీసుకోమంది. కక్షతో తీసెయ్యడం, కళ్ళకి కనిపించే అబద్ధపు కారణం చెప్పి తీసెయ్యడం అన్యాయమైన పద్ధతులని ఆ చట్టం అయిదో షెడ్యూలులో స్పష్టంగా ఉంది. చేసినవాళ్ళకి ఆరు నెలల వరకూ జైలు, లేదా వెయ్యి రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. కంపెనీ అనలేదు, "ఏ వ్యక్తి అయినా" అంది. ఆ మాట చదివి గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. తర్వాత ఇంకో సెక్షన్ చదివాను. ప్రభుత్వం గాని, ప్రభుత్వం అనుమతించినవాళ్ళు గాని ఫిర్యాదు చేస్తేనే కోర్టు ఆ నేరాన్ని పట్టించుకుంటుంది. వెయ్యి రూపాయలంటే మా టీమ్ లంచ్‌లో ఒక మనిషి బిల్లు, అది కూడా సర్కారు పూనుకుంటేనే. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. ఆ షెడ్యూలు పేరు మార్చుకుని అందులోకీ వచ్చి కూర్చుంది.

లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే పొగమంచులో లైట్లేసుకుని వెళ్ళాల్సొచ్చింది. సగం హైదరాబాదు అక్కడే ఉంది, సెల్ఫీలు, స్ట్రాబెర్రీలు. ఈ దారికి వేరే చరిత్ర ఉంది. వందేళ్ళ కింద నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించినవాడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. కొండవాళ్ళని పట్టుకొచ్చి చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. గాం గంటం దొర బట్టిపనుకుల మునసబుగా ఉండి ఆ పదవి పోగొట్టుకున్నవాడు. ఇదిగో, "పోగొట్టుకున్నవాడు" అని నేనే రాశాను. తీసేశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డ అల్లూరి సీతారామరాజు దళం వెనక ఈ రోడ్డు కూలి ఉంది. మా బళ్ళో బాస్టియన్ పేరు ప్రతి పిల్లకీ తెలుసు. అతని పైన ఒక అధికారి ఉండాలి కదా, ఆయన పైన ఇంకొకరు? రోడ్డు ఫలానా తేదీకి పూర్తి కావాలి, ఖర్చు ఇంతకి మించకూడదు అని ఎవరో ఒకరు అని ఉంటారు కదా? వాళ్ళ పేర్లు మా వాచకంలో లేవు. బాస్టియన్ వైపు నుంచి ఆలోచించడం నా జీవితంలో అదే మొదటిసారి. తమ్ముడితో అంటే, "ఇడ్లీ తిన్నాక కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు.

ఫోన్లో కాదనడం మర్యాద కాదు, ఎదురుగా వెళ్ళి చెప్దామని బయల్దేరాను. అంటే కాదని చెప్పడానికే వెళ్ళాను. కారణాలు సిద్ధంగా ఉన్నాయి. కంపెనీ వదిలేటప్పుడు గోప్యత పత్రం మీద సంతకం పెట్టాను. డెలివరీ హెడ్ ఫోన్లో అన్న మాటకి సాక్ష్యం లేదు. కాగితాల మీద ఉన్నది నా ఒక్క పేరే. నేను నోరు విప్పితే మొదట చిక్కేది నేనే.

పాడేరు, హుకుంపేట దాటి వాళ్ళ గూడెం చేరేసరికి మధ్యాహ్నమైంది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. వాకిట్లో టార్పాలిన్ మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. పులిసిన వాసన. అతను పైనుంచి రెండు బస్తాలు దించి, "అక్కా, నడవగలిగారా?" అంటూ వచ్చాడు. బలంగా అయ్యాడు. ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తున్నాడట, పాత జీతంలో సగానికి. నెట్ పోతే చెట్టెక్కినంత పనవుతుందని నవ్వాడు.

వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మావోడి పెద్ద మేడమువి నువ్వేనా?" అంది. నేను తలూపాను. "అన్నం తిన్నావా?" అంది. నేనెవరో ఆవిడకి ఎంతవరకు తెలుసో నాకు తెలీదు. అతన్ని అడగలేదు. రాగి సంగటి, చికెన్ పెట్టింది. తమ్ముడు రెండోసారి వేయించుకున్నాడు. నాకు మొదటిది దిగడమే కష్టమైంది.

తిన్నాక అతను ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో నా ఎనిమిది నోట్లూ ప్రింటు తీసి ఉన్నాయి. నేను రాసినవే, ఎప్పుడూ వరసగా చదవలేదు. చదివాను. మూడో వారం: "ప్రశ్న అడిగిన వెంటనే స్పందించడు." అయిదో వారం: "ఆత్మవిశ్వాసం కనబడదు." ఏడో వారానికి నా ఇంగ్లీషు చాలా నున్నగా తయారైంది.

"ఇంగ్లీషు బాగుందక్కా," అన్నాడు. వెటకారమో కాదో తెలీలేదు. కాసేపాగి, "ఆ నర్సీపట్నం డాక్టరు గారు ముక్కుకి మాస్కు అడిగాడు, నేను డేటాకి మాస్కు అడిగాను. మాస్కు మాట మనకి అచ్చిరాలేదు" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

నా కారణాలు చెప్పాను. రెండు సెకన్లు ఆగాడు. "మిమ్మల్ని ఇరికించాలని లేదక్కా. లాయరు గారు కూడా వద్దన్నారు, ఆవిడ ఎదురు తిరిగితే మనకే దెబ్బ అని. నాకు ఉద్యోగం కూడా అక్కర్లేదు, ఇప్పుడు బానే ఉంది. కానీ ఎక్కడికెళ్ళినా బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో కమ్యూనికేషన్ బాలేదని వస్తోంది. మొన్న ఇంటర్వ్యూలో ఒకాయన, నీ ఇంగ్లీషు బానే ఉందే, మరి అలా ఎందుకు రాశారు అని అడిగాడు. నాకు జవాబు రాలేదు. ఆ జవాబు మీ దగ్గర ఉంది కదా అని."

ఇంతసేపూ నేను తలకెత్తుకున్న ప్రశ్న నా మీద ఎంత పడుతుంది అని. చట్టం కూడా చాలావరకు అదే అడుగుతుంది: ఎవరు కట్టాలి, ఎంత కట్టాలి. అతను అడుగుతున్నది వేరే. అరవై రోజులపాటు నేను అల్లిన వాక్యాల్ని ఇప్పుడు అతను తన గురించి తనే నమ్ముతాడేమోనని భయపడుతున్నాడు. క్లయింట్ కాల్‌కి ముందు అద్దం ముందు ప్రాక్టీసు చేస్తున్నానని ఆ తర్వాత మాటల్లో చెప్పాడు. పాత రోజుల్లో చేసేవాడు కాదు.

లాప్‌టాప్ కారులోనే ఉంది. తీసుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఎండ గింజల మీద పడుతోంది, వాళ్ళమ్మ చీపురుతో వాటిని కలియదిప్పుతోంది. రేటింగ్ మెయిల్ నా దగ్గర లేదు, కంపెనీ వదిలినప్పుడే పోయింది. కానీ ఆ రేటింగు ఇచ్చింది నేనే, ఎంతిచ్చానో నాకు తెలుసు, అసలు మెయిల్ తెమ్మని కోర్టు కంపెనీని అడగొచ్చు. మొదటి వాక్యం ఇంగ్లీషులో మొదలుపెడితే తనంతట తనే "నిర్ణయించబడింది" అనే దారిలోకి పోయింది. చెరిపేశాను. తెలుగులో రాసుకుని తర్వాత మారుద్దామని మళ్ళీ మొదలుపెట్టాను. ఫిబ్రవరిలో అతనికి మంచి రేటింగు నేను ఇచ్చాను. మార్చి 11 మెయిల్ గురించి నాకు ముందే తెలుసు, పెట్టమని నేను చెప్పాను. ఆ తర్వాతి వారం నాకు ఫలానా ఆయన ఫోన్ చేశాడు, ఇలా అన్నాడు. కమ్యూనికేషన్ అన్న మాట నేను ఎంచుకున్నాను. ఏప్రిల్ 11న పిప్ మొదలుపెట్టాను.

అతను నా భుజం మీదుగా చదువుతున్నాడు. "పదకొండు కాదక్కా. పదకొండు మీరు సిస్టమ్‌లో ఎక్కించిన తేదీ. నన్ను రూములోకి పిలిచి చెప్పింది నాలుగు, సోమవారం."

"అంత గట్టిగా ఎలా చెప్తావు?"

"ఆ పొద్దున మా కొత్త జిల్లా పుట్టిందక్కా. అల్లూరి సీతారామరాజు జిల్లా. పాడేరులో టపాసులు కాలుస్తున్నారని మా అన్న వీడియో పంపాడు. అది చూస్తుంటేనే మీరు పిలిచారు."

ఫిర్యాదుకీ పిప్‌కీ మధ్య ఎన్ని రోజులన్నది కేసులో ముఖ్యమని లాయరు చెప్పాడట. ముప్పై ఒకటి కాదు, ఇరవై నాలుగు. పదకొండు కొట్టేసి నాలుగు అని వేశాను. తమ్ముడు కారు హారన్ కొట్టాడు, చీకటి పడితే ఘాట్‌లో మంచు దిగుతుందని. ఇంకో పేరా మిగిలి ఉంది, అయిదు నిమిషాలు ఆగమన్నాను.